నర్సక్క గౌను

కొత్త కాపురం. మొగుడి చొక్కాకు గుండీ కుట్టడం కూడా ఆమెకు సంబరంగానే ఉంది. దారం పళ్ళతో తుంచుతుంటే అతను నవ్వాడు.

“కత్తెర లేదా మేడమ్?”

“మా పిన్ని కొట్లో కత్తెర పిన్నిది. నాకు పళ్ళే గతి,” అంది. అనగానే పిన్ని కుట్టుమిషను చప్పుడు చెవుల్లో మొదలైంది. ఎంత బాగుండేవి ఆ రోజులు!

కాలేజీ చదువంతా పిన్ని దగ్గరే సాగింది. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. ఆ రోజుల్లోనే పిన్నికి క్షయ వచ్చింది. మాత్రలు పడ్డాక దగ్గు తగ్గింది, మొహంలో కళ వచ్చింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు పరీక్షలు చేసి మరీ చెప్పాడు. సరిగ్గా అప్పుడే, మందులివ్వడానికి ఆసుపత్రి జీపు ఒంటినిండా ‘క్షయ నివారణ’ అని రాసుకుని కొట్టు ముందు ఆగింది.

తెల్లారేసరికి వీధంతా గుప్పుమంది. ఎదురింటి అత్త కుట్టడానికిచ్చిన బట్టను, ఎలుకను తోక పట్టుకున్నట్టు, కొసన పట్టుకుని తీసుకుపోయింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ.

“జీపు వస్తే మాత్ర ముట్టను. రోగం కన్నా ముందు ఆకలి చంపేట్టుంది,” అంది పిన్ని.

పిన్ని మాట విని ఆమె పరుగున ఆసుపత్రికి వెళ్ళి, జీపులో వచ్చే నర్సుతో చెప్పుకుంది.

“మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుందమ్మా,” అంది నర్సు.

“జీపు లేకుండా రండక్కా. గౌను కుట్టించుకోడానికి వచ్చినట్టు!”

అలా ప్రతివారం నర్సక్క పువ్వుల గౌను చంకన పెట్టుకుని నడిచొచ్చేది. “నడుం బిగుతయింది!” అని వీధికి వినపడేలా అరిచేది. పిన్ని మాత్రలు మింగి, కుట్లు విప్పేది. పై వారం “మరీ వదులు!”

“అది నడుమా, చందమామా? పెరుగుతూ తరుగుతూ!” అనేది పిన్ని. ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఆ గౌను చూసి ఒకరిద్దరు బట్టలు తేవడం మొదలుపెట్టారు కూడా.

ఒక మధ్యాహ్నం ఎదురింటి అత్త వచ్చి తలుపు మూసింది. మనిషి సగమైంది. దగ్గు గుడ్డలో దాచుకుంటోంది.

“నీ మాత్రల్లో రెండివ్వు. ఆసుపత్రికెళ్తే అందరూ చూస్తారు.”

ఎలుక తోకలా బట్ట పట్టుకుపోయిన సంగతి పిన్ని ఎత్తుతుందేమోనని, వెనక గది గుమ్మంలో ఆమె ఊపిరి బిగబట్టింది. పిన్ని మాత్రం లేచి తలుపు బార్లా తీసింది.

“పంచుకోడానికి అవేమన్నా పిప్పరమెంట్లా వదినా? ముందు పరీక్ష చేయించాలి. పద, నేనూ వస్తా.”

“చూస్తారే!”

“చూడనీ. బతికున్నవాళ్ళనేగా చూసేది.”

ఇద్దరూ చేతులు పట్టుకుని నడివీధిన వెళ్ళారు.

కాసేపటికి గౌను బట్ట పట్టుకుని పక్కసందు టీచరమ్మ వచ్చింది. “పిన్నేదీ?”

కొట్లో ఒంటరిగా ఉన్న ఆమె ఏమీ దాచలేదు. “క్షయ ఆసుపత్రికి వెళ్ళిందండి. మందులు వాడుతోంది. ఇప్పుడు ఎవరికీ అంటదు.”

టీచరమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. బట్ట వంక చూసుకుంది, వీధి వంక చూసింది. చివరికి లోపలికొచ్చి బిగుసుకుని నిలబడింది.

“కొలతలు నువ్వు తీస్తావా?”

ఆమె టేపు చుట్టింది.

“ఊపిరి వదలండి టీచరమ్మా, లేకపోతే గౌను పట్టదు.”

టీచరమ్మ హమ్మయ్య అని ఊపిరి వదిలి, పకపకా నవ్వేసింది.