వెనుక కూర్చుండినవాడు

భాద్రపదమాసపు పూర్వాహ్ణము. రాత్రియెల్ల నెడతెగక కురిసిన వాన వేకువజామున నలసి యాగగా గోదావరీపరిసరమందలి యా పట్టణపు శివారున రవాణా కార్యాలయపు ప్రాంగణమంతయు లేయెండకు సన్నని యావిరి విడుచుచుండెను. ప్రహరీగోడ వెంబడి యెన్నడో పట్టుబడి విడిపించుకొనిపోవు దిక్కులేక తుప్పుపట్టి కూలబడిన ఆటోలమీదికి కాకరతీగెలు ప్రాకి పసుపువన్నె పూవులు పూచి సర్కారువారి జప్తును సైతము తోటగా మార్చివైచినవి. మైదానమధ్యమున సున్నముతో గీసిన యెనిమిదియంకెవంటి బాట యొకటి తడిసి మెఱయుచుండెను. దానిచుట్టును శిరస్త్రాణధారులైన యభ్యర్థులు పెండ్లిపందిట రెండవ పంక్తికై కాచుకొన్న బంధువులవలె నొకరినొకరు త్రోసికొనుచు నిలిచియుండిరి.

ఆ వరుసలో హైమవతి యను వివాహిత కలదు. పశువైద్య సహాయకుల శిక్షణ ముగించి పెండ్లియైననాటినుండియు నుద్యోగమునకై యెదురుచూచి చూచి తుదకు మన్యమునందలి కొండపల్లెలకు నియామకపుటుత్తరువును బడసిన ధీర యామె. అయితే బస్సు పోని యాపల్లెలకు మోటారుసైకిలే గతి గావున వచ్చు సోమవారములోగా లైసెన్సు చూపనిచో నాయుద్యోగము తరువాతివారికి పోవునని యధికారులు నిష్కర్షగా జెప్పియుండిరి. సోమవారమునకు ముందు మఱియొక పరీక్షాదినము లేదు. అందుచేత నాడామె జీవితమంతయు నా సున్నపుగీతలమీదనే నిలిచియున్నదనుట యతిశయోక్తి గాదు.

ఆమెకు మాత్రము భయము లేదు. ఎందుకుండును? ఆమె భర్త చక్రధరరావు రథసారథి డ్రైవింగుస్కూలు నడుపు నిపుణుడు. ఊరందఱిచేతను మాస్టారని పిలువబడువాడు. ఆ పట్టణవీథులలో మోటారుసైకిలు నడుపు స్త్రీలలో సగముమంది యాతని శిష్యురాండ్రే. అంతియగాక నాతడామెకు మేనమామకొడుకు, ఊహ తెలిసిననాటినుండియు నమ్ముకొన్న బావ. రెండుమాసములుగా ప్రతిదినము నింకను వెలుగురాకమున్నే యామెను మార్కెట్టుయార్డు మైదానమునకు దోడ్కొనిపోయి తాను వెనుక గూర్చుండి తన దీర్ఘములైన కాళ్ళు రెండును నేలకు రాయుచుండ నామె భుజములమీదుగా చేతులుసాచి హాండిలు నంటీయంటక పట్టుకొని యెనిమిదులు వేయించినాడు. పాలకై వచ్చు నిరుగుపొరుగువారు చూచి భార్యను కళ్ళలో బెట్టుకొని నేర్పుచున్నాడని మెచ్చుకొనగా నామె మురిసి ముక్కలయ్యెను. ఒక్కతెను వదలి చూడరాదా యని యొకటిరెండుమాఱు లడిగినది. పరీక్షనాటికి దానంతట నదియే వచ్చునని యాతడు చెప్పెను. బావమాట గదా యని యామె నమ్మెను.

పేరు పిలువబడెను. ఊరివారు బ్రేకు ఇన్‌స్పెక్టరని వ్యవహరించు నయ్యధికారి యామె శిరస్త్రాణపుపట్టీని ఎల్ బోర్డును పరికించి కుడియెడమల సంజ్ఞలు చేయించి చూచి తల యూచెను.

“వెనకెవరూ ఉండకూడదమ్మా. ఎనిమిది తిరిగొచ్చి ఆ గీత దగ్గర ఆపాలి. కాలు కిందెడితే అయిపోయినట్టే. తొందరేం లేదు, నిదానంగా కానీ.”

చక్రధరరావు దిగి ప్రక్కకు తొలగెను. బండి కదలెను. తిన్నగా నున్నంతవఱకు దాని నడక గజగమనమే. మొదటి మలుపున నది యెడమప్రక్క కొరిగినంతనే హైమవతి యలవాటుచొప్పున వెనుకనుండి దానిని నిలబెట్టు బలమునకై యొక్క క్షణమాగెను. ఆ బలము రాలేదు. మఱుక్షణమున బండియు నామెయు బురదలో నుండిరి. మోకాలు చిట్లి నెత్తురు గ్రమ్మెను. అధికారి దయతలచి మఱియొక యవకాశ మొసంగగా నీమాఱు మలుపు రాకమున్నే బెదరి రెండుకాళ్ళును నేల బెట్టివేసెను. వారము తరువాత రమ్మని యాయన విచారముతోడనే పలికి తరువాతిపేరు పిలిచెను.

చదువరులు నమ్మిన నమ్మకున్న నప్పటికిని హైమవతి దుఃఖము తనకొఱకు గాదు. ఇంతమంది యెదుట బావపరువు దీసితినే, మాస్టారి భార్యకే రాలేదని లోకము నవ్వునే యని కుమిలిపోవుచు నామె రేకులషెడ్డు క్రిందికి బోయి కూర్చుండెను. చక్రధరరావు గాయము గడుగుట కెచ్చటనైన నీళ్ళు దొరకునేమోయని చూడబోయెను. ఇంతలో కాలు నేల దాకకుండ నెనిమిది చుట్టివచ్చి గెలిచిన ప్రసూన యను కాలేజీపిల్ల, అదియు మాస్టారి శిష్యురాలే, పరుగునవచ్చి ప్రక్కన గూర్చుండెను.

“ఏటక్కా ఇలా అయ్యింది? మాస్టారు మిమ్మల్ని ఒక్కళ్ళనే వదిలేసి ఎన్నాళ్ళయ్యింది?”

“వదలడమేంటే? వెనకాల కూర్చుంటారుగా.”

“ఇప్పటికీనా!” యని ప్రసూన కిలకిల నవ్వెను. ఆ నవ్వులో కల్మషము లేదు. “మమ్మల్నయితే రెండోరోజే వదిలేసి ఎళ్ళి గోడెక్కి కూర్చుంటారండీ. వెనక మనిషుంటే బండి ఆ మనిషి తోలినట్టే, నువ్వు తోలినట్టు కాదంటారు. పడండి, లెగండి, అప్పుడే వస్తదంటారు. నేనెన్నిసార్లు పడ్డానో! అమ్మ తిట్టిందనుకోండి.”

ఆ పిల్ల యింకను నేమేమో చెప్పుచునే యుండెను గాని హైమవతి చెవికెక్కలేదు. ఆ రెండుమాసముల వేకువజాములు, ముసురులో వణకుచు తాను లేచి కాచియిచ్చిన కాఫీలు, బాగా వచ్చేసింది హైమా యని యాతడు వీపుతట్టిన వేళలు, ఒరిగినప్పుడెల్ల తనకు దెలియకుండనే నేలదన్ని బండిని నిలబెట్టిన యాకాళ్ళు, వీని నన్నిటిని తాను ప్రేమయనుకొన్నది. ఊరిపిల్లలందఱికిని నేర్పిన విద్యను తనకొక్కతెకు మాత్ర మాతడు నేర్పలేదు. తెలియక కాదు, తెలిసియే.

చక్రధరరావు సీసాతో నీళ్ళుదెచ్చి యామెముందు గొంతుకూర్చుండి గాయము మెల్లగా గడుగసాగెను. ఆతని చేతులలో మార్దవమునకు లోపము లేదు.

“పోన్లే హైమా. ఆ కొండల్లో ఉద్యోగం లేకపోతే కొంపలేం మునిగిపోవు. ఇంటికి పోదాం పద.”

ఆ కంఠమున సానుభూతికి మించిన దొకటి యామెకు వినబడెను. అది నెమ్మది, బరువుదిగినవాని నెమ్మది.

“బావా, నన్నొక్కరోజు కూడా ఎందుకు వదల్లేదు?”

“పడతావనే.”

“ప్రసూన పడలేదా? మిగతావాళ్ళు పడలేదా?”

ఆతడు సీసామూత బిగించెను, మరల విప్పెను. అబద్ధమాడుట కామె చూపులలో నెడము చిక్కలేదు కాబోలు.

“నీకొచ్చేస్తే నువ్వాగవు హైమా. తెల్లారి ఎళ్ళి చీకటిపడ్డాక వస్తావు. కొన్నాళ్ళకి అక్కడే ఉండిపోతానంటావు. అప్పుడింక నేనెందుకు నీకు?”

“ఉద్యోగం వద్దని ఒక్కమాటంటే పోట్లాడేదాన్ని. గెలిచేదాన్నో, ఓడిపోయేదాన్నో. నువ్వు పోట్లాడనివ్వలేదు బావా. నేర్పిస్తున్నానన్నావు.”

వైరి కపటము పన్నినచో మనుజుడు కోపించి తేరుకొనగలడు. కన్నులు మూసికొని యొరిగిన భుజమే కపటమైనప్పుడు కోపమునకు గూడ కాలునిలుప చోటుదొరకదు. హైమవతికి నేడుపును రాలేదు. అధికారి యొద్దకు బోయి వారము తరువాత దప్పక వత్తునని చెప్పెను. ఆవారము గడచులోపల సోమవారమును నుద్యోగమును గూడ గడచిపోవునని యామె యెఱుగును. ఐనను జెప్పెను.

పిదప బండిని స్టాండునుండి దింపి యెక్కి కూర్చుండెను. చక్రధరరావు రెండుమాసముల యలవాటున వెనుకకు కాలు వైచి యెక్కెను. ఆమె తాళపుచెవిని ద్రిప్పలేదు.

“దిగు.”

“పిచ్చా నీకు? వానపడ్డ రోడ్డు. పడిపోతావు.”

“పడితే నేను పడతాను. దిగు బావా.”

షెడ్డుక్రింది జనమెల్ల చూచుచుండ మాస్టారు దిగెను. బండి గునిసి గునిసి గేటువఱకు సాగెను. ఆ మలుపున నది కుడివైపున కొరుగగా నామె కాలు నేలకు దన్నిపట్టెను. మోకాలిగాయము మరల చిట్లి నెత్తురు పాదమువఱకు దిగజారెను. వెనుకనుండి హైమా యను కేక వినవచ్చెను. ఆ కంఠము నామె పసినాటినుండియు నెఱుగును. అందలి భయమును నిజమే, ప్రేమయు నిజమే. తాను మోసపోయినది యా రెంటిచేతనే యని తెలిసి యామె వెనుదిరిగి చూడలేదు. పండ్లబిగువున నొరిగిన బండిని మెల్లమెల్లగా నిలబెట్టెను. అది యింత బరువని యామెకు నాడుగాని తెలియలేదు.