ఉక్కులో నల్లచుక్కలు

మళ్ళీ నవ్వింది ఆ పిల్ల, ఆ నవ్వు మా ల్యాబు పెద్దాయనకి ఎంత ముద్దొస్తుందో, పదకొండేళ్ళుగా ఈ ల్యాబులో ఉక్కు ముక్కల్ని కాల్చి, నొక్కి, నీళ్ళలో ముంచి, అద్దంలా మెరిసేదాకా అరగదీసి ఇస్తున్నది నేను, నన్ను ఒక్కసారైనా భలే అన్నాడా, ఈ పిచ్చుక వచ్చి ఏడు నెలలు, పరిశోధన చేసే పిల్ల, గంతులేస్తూ నడుస్తుందని ఆ పేరు నేనే పెట్టాను, పొద్దున్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తెరమీద నల్లచుక్కల్ని చూపించి, ఇవి ఉక్కు ఎర్రగా ఉండగానే పుట్టాయి సార్, నొక్కినప్పుడే పుట్టాయి అందట, పెద్దాయన కుర్చీలోంచి లేచాడట, వెంట్రుక మందంలో పదివేలో వంతు ఉండే చుక్కలకి లేచాడు, నాకోసం ఎన్నడైనా లేచాడా, ఉక్కులో చిటికెడు కలిపే నియోబియం లోహం, కార్బన్ జతకట్టి అలా రేణువులవుతాయని, ఉక్కుకి బలం వాటివల్లేనని నాకూ తెలుసు, చెప్పమని ఎవరడిగారు, నిన్న మా ఆయన దగ్గర ఈ పిల్ల గురించి వెళ్ళబోసుకుంటే, అంత మండిపోతుంటే నువ్వూ ఆ నీళ్ళతొట్టిలో దూకరాదూ అన్నాడు, నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

పెద్దాయన పిలిచాడు, వెళ్ళాను, పిచ్చుక గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది, ఏమ్మా, ఈ ముక్కని ముంచింది నువ్వే కదా, నేనే సార్, నొక్కాక నీళ్ళలో వెయ్యడం ఏమైనా ఆలస్యమైందా, గుర్తు తెచ్చుకుని చెప్పు, ఆలస్యమైతే ఈ చుక్కలు చల్లారేటప్పుడు పుట్టినవవుతాయి, అప్పుడు ఈ అమ్మాయి చెప్పేదేదీ నిలవదు, ఆ రోజు యంత్రం మీది గడియారం పాడైంది, నేను నోటితో లెక్కపెట్టాను, సాక్షి లేడు, కాస్త ఆలస్యమైనట్టుంది సార్ అంటే చాలు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, పిచ్చుక మొహం పాలిపోయింది, చూడటానికి ఎంత హాయిగా ఉందో, కానీ ఆలస్యమైందంటే అది చేసింది ఎవరి చెయ్యి అవుతుంది, నా చెయ్యే కదా, పటకారు పట్టి తిప్పి వదిలే చెయ్యి, నీళ్ళు బుస్సుమనగానే తెలిసిపోతుంది సరిగ్గా పడిందని, రెండు సెకన్లు సార్, నా చేతిలో ఎన్నడూ మూడు కాలేదు అన్నాను, నిజాయితీ కొద్దీ అనలేదు, నా చేతిని నేనే తక్కువ చేసుకోలేక అన్నాను.

అరగదీసే గదికి వచ్చేశాను, వెనకే వచ్చింది, ఇప్పుడు థాంక్సు చెబుతుంది కాబోలు అనుకుంటే, అక్కా, మీరు ఇదివరకెప్పుడైనా ఈ చుక్కల్ని చూశారా అంది, లేదమ్మా అనబోయాను, చూశాను, ఎనిమిదేళ్ళ కిందట మైక్రోస్కోపు సరిచేస్తూ, అచ్చం ఇలాగే, సూదితో కుట్టినట్టు వరసగా, మురికి అని పుస్తకంలో రాసి ఆ ముక్కని పక్కన పారేశాను, మురికి వరసలు కట్టదని అప్పుడూ తెలుసు, చూశాను అన్నాను పైకి, పిచ్చుక కళ్ళింతలు చేసుకుని, మరి ఎవరికీ చెప్పలేదేమక్కా అంది, ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడుగుతోంది, నీకెందుకివన్నీ అని కసురుకుంటారని, అని చెబుదామనుకున్నాను, ఎవరు కసురుకుంటారు, పెద్దాయనా, ఆయన్ని అడిగితే కదా, నాది ఈ పిల్ల లాక్కుందని ఏడు నెలలుగా కుళ్ళిపోతున్నాను, ఆ రోజు ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు, నోరు మూసుకోమన్నవాళ్ళు ఎవరూ లేరు.