ఎనిమిది నిమిషాల పేట

మా నగరపాలక కార్యాలయంలో మూడో అంతస్తులో, కిటికీ తీస్తే ఉప్పుమడుల వాసన కొట్టే గదిలో, పంతొమ్మిదేళ్లుగా నేను చేసే పని ఒక్కటే. మా ఊరి లెక్కలు పోగుచేసి, యూరప్ నగరాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చే కార్యాలయానికి పంపడం. ఎన్ని చెట్లు, ఎన్ని బడులు, మనిషి ఇంటి నుంచి పనికి చేరడానికి ఎన్ని నిమిషాలు. అన్ని ఊళ్లూ ఒకేలా కొలిస్తేనే అది పోలిక. ఒకడు గజాలతో, ఇంకొకడు మూరలతో కొలిస్తే గుడ్డ పాడవడమే గానీ చొక్కా తయారవదు. ఈ మాట కనబడ్డవాళ్లందరికీ చెబుతాను, వాళ్లు ఆవలించేదాకా చెబుతాను. ఇంత చెప్పే నేనే బోల్తా పడ్డాను.

ఆ ఏడాది సెప్టెంబరులో అన్నెలీస్ ఫోన్ చేసింది. యూరప్ కార్యాలయంలో మా లెక్కలు అందుకునేది ఆవిడే. పన్నెండేళ్ల పరిచయం, ఇప్పటికీ మొహం తెలియదు, గొంతే తెలుసు.

"ఇదలీనా, మీ అరేయాల్ పేటవాళ్లు ఎనిమిది నిమిషాల్లో పనికి చేరిపోతారట. మా పట్టికలో ఇంత తక్కువ ఇంకెక్కడా లేదు. నిజమేనా?"

"ముప్పై ఎనిమిది మందీ సొంత చేత్తో రాసిచ్చారు. కూడింది నేను," అన్నాను, కాస్త గొప్పగానే.

"మ్యాపులో చూస్తే మధ్యన అన్నీ నీళ్లే. నీళ్ల మీద నడిచి వెళ్తారా ఏమిటి?"

అరేయాల్ ఉన్నది సరస్సుకి అవతలి ఒడ్డున, ఇసుక తిన్నె మీద. పొద్దున్నే ఒక్కటే లాంచి. అది ఇవతలికి రావడానికి నలభై మూడు నిమిషాలు పడుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న లాంచి. కూడేటప్పుడు ఎనిమిదీ ఎనిమిదీ ఎనిమిదీ అని కూడుకుంటూ పోయానే తప్ప, అది బుర్రకి తట్టలేదు. ఛీ, ఎందుకీ తెలివి!

తప్పు కాగితం మీదే ఉండిపోతే దిద్దుకునేదాన్ని. కానీ ఆ లాంచి ముసలిదైపోయిందని, అక్టోబరు దాటాక నడపకూడదని తనిఖీవాళ్లు చీటీ అంటించి పోయారు. కొత్త లాంచికి యూరప్ సొమ్మే దిక్కు. అది పనికి చేరడానికి సగటున నలభై ఐదు నిమిషాలు దాటే పేటలకే ఇస్తారు. ఎనిమిది నిమిషాల పేటకి ఎవరిస్తారు? లాంచి లేకపోతే సరస్సు చుట్టూ తిరిగి యాభై కిలోమీటర్లు, బస్సు లేదు. ముప్పై ఎనిమిది మంది పనైనా వదులుకోవాలి, ఇల్లైనా వదులుకోవాలి. నా కూడిక వాళ్ల కొంప ముంచబోతోంది.

ఆ సాయంత్రమే లాంచెక్కి అరేయాల్ వెళ్లి, జుల్మీరా ఇంట్లో పడుకున్నాను. జుల్మీరా మా పట్నం ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పనిచేస్తుంది, నోరు మాత్రం ఊరంతా వినబడుతుంది. పొద్దున ఏడూ రెండుకి తలుపు వేసి, నన్ను చెయ్యి పట్టుకుని రేవుకి లాక్కెళ్లింది.

మంచు ఎంత దట్టంగా ఉందంటే, లాంచి రేవు విడిచిన రెండు నిమిషాలకి వెనక ఒడ్డు లేదు, ముందు ఒడ్డు లేదు. ఇంజను నిద్రలో గొణుగుతున్నట్టు గొణుగుతోంది. ఎవరో జొన్నరొట్టె తుంచి నా ఒళ్లో పెట్టారు, ఎవరో ఫ్లాస్కులోంచి కాఫీ పోశారు. ఒక పక్కన ఒకావిడ మొగుడికి జుట్టు కత్తిరిస్తోంది. బడిపంతులమ్మ పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. చేపల బజారు మనిషి పక్కవాడి భుజం మీద నిద్రపోతున్నాడు, పక్కవాడు కదలకుండా కూర్చున్నాడు. మేం ఎక్కడికీ వెళ్లడం లేదని, మా కింద నుంచి నీళ్లే ఎటో వెళ్తున్నాయని అనిపించింది. చేతిలో గడియారం ఉన్న సంగతి మరిచిపోయాను. నిమిషాలు కొలవడానికొచ్చిన మనిషిని!

"జుల్మీరా, ఎనిమిది అని ఎలా రాశావే తల్లీ?" అన్నాను చివరికి.

"ఇంటి నుంచి రేవుకి మూడు. అవతల రేవు నుంచి ఆసుపత్రికి ఐదు. మూడూ ఐదూ ఎంతో లెక్కలమ్మవి నీకు తెలీదా?"

"మరి ఈ లాంచిలో గడిపేది?"

"ఇదా? ఇది ప్రయాణమేమిటి! కాఫీ తాగుతున్నా, నీతో వాగుతున్నా. ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నా."

సరంగు కుస్తోదియో బాబాయ్ చక్రం మీంచి చెయ్యి తియ్యకుండానే అన్నాడు. "మా ఆవిడ ఎర్మెలిందాని మొదట ఇక్కడే చూశాను. పెళ్లికి ముందూ, తర్వాతా, పోయేదాకా, ఆ మూల బల్లే దానిది. పూటకి నలభై మూడు నిమిషాలు. వాటిని తీసుకెళ్లి దారిలో పోయినవని రాయమంటావా నన్ను?"

"రాయకపోతే లాంచే ఉండదు బాబాయ్!" అని అరిచాను. కత్తెర ఆగింది. అక్కడ మొత్తం చెప్పేశాను, సొమ్ము సంగతి, నలభై ఐదు సంగతి, నా బుద్ధితక్కువ సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా.

జుల్మీరా నా వీపు నిమిరింది. కానీ, "యాభై ఒక్క నిమిషాలు ప్రయాణం చేస్తున్నానని మాత్రం సంతకం పెట్టను. అబద్ధం కదూ," అంది. అవునవునని అందరూ తలలాడించారు. ఒళ్లు మండిపోయింది నాకు. ఇల్లు కాలుతుంటే వీళ్లకి సత్యవ్రతం! వాళ్ల జవాబు నేను దిద్దకూడదు, అది మా పనిలో మొదటి నియమం. వాళ్లు దిద్దరు.

జుట్టు కత్తిరించే ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు ఉన్నట్టుండి అడిగాను.

"జుల్మీరా, ఇవాళ ఇంటి తలుపు ఎన్నింటికి వేశావు?"

"ఏడూ రెండుకి. నువ్వూ చూశావుగా."

"పనిలో కోటు ఎన్నింటికి తగిలిస్తావు?"

"ఏడూ యాభై ఎనిమిదికి. ఏం?"

"ఇందులో అబద్ధం ఏమైనా ఉందా?"

ఆలోచించింది. "లేదు."

"అయితే ఇదే రాయి. మధ్యలో నువ్వేం చేశావో నేనడగను. తీసివేత నేను చేసుకుంటా."

లాంచి పట్నం రేవు తాకేలోపు ముప్పై ఎనిమిది కాగితాలూ నిండాయి. కుస్తోదియో బాబాయ్ ఎప్పటిలాగే టోపీ తీసి, "చేరాం, దిగండి," అన్నాడు.

సగటు యాభై ఆరు తేలింది. అన్నెలీస్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. చీవాట్లు పెడుతుందనుకుంటే, "ఎన్ని నిమిషాలని అడిగితే ఒక్కో ఊరు ఒక్కోలా చెబుతోంది, గడియారం అడగడమే మంచిది, మిగతా నగరాలకీ ఇలాగే చెబుతాను," అంది. ఆ రోజు కార్యాలయంలో నా నడకే మారిపోయింది.

ఆ చలికాలం ఎవరో చేపల పడవ అద్దెకిచ్చి గట్టెక్కించారు. వసంతంలో కొత్త లాంచి వచ్చింది. తెల్లగా, అద్దాలతో, సరస్సుని తొమ్మిది నిమిషాల్లో దాటేస్తుంది. దాన్ని నడిపే అనుమతి కుస్తోదియో బాబాయ్‌కి లేదు, వేరే సరంగు వచ్చాడు. పాతదాన్ని అరేయాల్ రేవులోనే మోకులు వేసి కట్టేశారు. రిబ్బను కత్తిరించిన రోజు జుల్మీరా వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేక అనుకున్నాను.

మళ్లీ ఏడాది ఫారాలు వచ్చాయి. కూడి చూశాను. యాభై ఆరు. మళ్లీ కూడాను. యాభై ఆరే.

"తొమ్మిది నిమిషాల లాంచి ఇచ్చినా ఒక్క నిమిషం తగ్గలేదా?" అంది అన్నెలీస్. "అసలే ముందు ఎనిమిది రాసిన పేట. ఇది కూడా తప్పని తేలితే లాంచి ఇంకో ఊరికి తరలించేస్తారు ఇదలీనా. నువ్వే స్వయంగా సరిచూడు."

మళ్లీ సాయంత్రం లాంచి, మళ్లీ జుల్మీరా ఇల్లు. పొద్దున ఏడూ రెండుకి తలుపు వేసింది.

"ఇప్పుడెందుకే? లాంచి ఏడూ నలభై నాలుగుకి కదా!"

"నువ్వు నడు."

రేవులో నిరుటి మంచే. కొత్త లాంచి ఖాళీగా ఊగుతోంది. దాని పక్కన, మోకులకి కట్టిన పాతదాని లోపల, అందరూ ఉన్నారు. రొట్టె, ఫ్లాస్కులు, కత్తెర, పిల్లల పుస్తకాలు. ఇంజను లేదు, మాటల చప్పుడే. కుస్తోదియో బాబాయ్ చక్రం పట్టుకుని ముందుకి చూస్తున్నాడు.

"తనిఖీవాళ్లు నడపకూడదన్నారు," అంది జుల్మీరా నా చెవిలో. "కూర్చోకూడదనలేదు."

నాకు చోటు లేదు. ఒక్క మూల బల్లే ఖాళీ.

"కూర్చో అమ్మా," అన్నాడు బాబాయ్ వెనక్కి తిరక్కుండా. "ఒక్క రోజుకి మా ఎర్మెలిందా ఏమీ అనుకోదులే."

కూర్చున్నాను. కాఫీ చేతిలోకి వచ్చింది. చుట్టూ మంచు, ముందు ఒడ్డు లేదు, వెనక ఒడ్డు లేదు. లాంచి కదులుతోందో లేదో, ప్రమాణం చేసి చెబుతున్నా, నాకు తెలియలేదు. అంతా నిరుటిలాగే ఉంది. ఆ మనిషి ఆ భుజం మీదే నిద్రపోతున్నాడు.

ఏడూ నలభై రెండుకి బాబాయ్ టోపీ తీశాడు.

"చేరాం, దిగండి," అన్నాడు.

ముప్పై ఎనిమిది మందీ లేచి, ఆయనకి దండం పెట్టి, ఎక్కిన రేవులోనే దిగారు. ఆయన మాత్రం చక్రం దగ్గరే ఉండిపోయాడు. నేనూ దండం పెట్టి దిగాను.

మధ్యాహ్నం అన్నెలీస్‌కి ఫోన్ చేశాను. "గడియారం పట్టుకుని సరిచూశాను. యాభై ఆరు సరైనదే."

"కారణం గళ్లో ఏం రాయమంటావు?"

"పనికి చేరాలంటే వాళ్లు రెండు లాంచీలు ఎక్కాలి," అన్నాను. "అదే రాయి."