జానెడు నీళ్లు

కంకర మొదలయ్యే చోట అందరూ సైకిలు దిగి నడిపించుకుని పోతారు. హుసేనయ్య దిగలేదు. దిగితే రోడ్డు కంట్రాక్టరు గెలిచినట్టని ఆయన లెక్క. పళ్లు బిగించి, సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు. వెనక క్యారేజీ మీద పాత ట్యూబుతో బిగించిన నీలం ప్లాస్టిక్ క్యాను గుడగుడమంది. పైన కప్పిన తడి గోనెపట్టా కిందనుంచి నీళ్లు చిమ్మి వీపు తడిపాయి. చల్లగా ఉందని సంతోషించే మనిషా ఆయన? ఒలికిన ప్రతి చుక్కకూ రోడ్డును ఒక తిట్టు తిట్టాడు.

క్యానులో ఉన్నవి అనంతసాగరం చెరువు కొర్రమీనులు. కొర్రమీనుకు నిండా నీళ్లు పోయకూడదు. జానెడు చాలు, అది మాటిమాటికీ మూతి పైకెత్తి గాలి మింగాలి. ఆ జానెడూ ఒలికిపోయిందా, ఒంటి జిగురు ఎండి, ఆత్మకూరు చేరేలోపు కట్టెలా బిగుసుకుంటుంది. అందుకని మెల్లగా పోతే ఎండతో తంటా, జోరుగా పోతే గతుకులతో తంటా.

నిన్న అట్లాగే ఒలికిపోతే, రోడ్డు పనివాళ్ల గుంటలో నీళ్లు తోడి పోశాడు. అవి సిమెంటు కలిసిన నీళ్లు. ఆత్మకూరులో మెస్సు నడిపే కామాక్షమ్మ చేపలను పెరటి తొట్టిలో పోయించి, తోక కొట్టినదాన్నే తూకం వేస్తుంది. నిన్న ఒక్కటీ కొట్టలేదు.

"రేపు గూడా పీనుగుల్నే మోసుకొస్తే ఇంక రాబాకయ్యా. దస్తగిరి ఆటోలో తెస్తానంటా ఉండాడు," అని తేల్చేసింది.

మీసం నల్లగా ఉన్న కాలం నుంచి ఆ పెరట్లోకి హుసేనయ్య చేపే పోతోంది. ఆ గుమ్మం పోతే ఆయనకు ఇంకో గుమ్మం లేదు. ఉన్న గిరాకీలందరితోనూ ఎప్పుడో పోట్లాడేశాడు.

మనిషి ఎండిన తుమ్మకొమ్మలా ఉంటాడు. దేవుడిచ్చిన కండంతా రెండు పిక్కల్లో దాచుకున్నాడు. పాత రోడ్డు గుంతలమయమైనా ఆయనకు చుట్టమే. బస్సులు దిగబడిన చోట ఆయన చక్రం అంచున జారుకుని పోయేది. ఒకసారి సోమశిల బస్సును దాటేశానని చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా బస్సు ఇంకాస్త వెనకబడేది. ఈ మధ్య చెప్పినప్పుడైతే, చేపలమ్మి, టీ తాగి, ఇంటికి తిరిగొస్తుంటే ఆ బస్సు ఎదురైందట; డ్రైవరు కిందికి దిగి దండం పెట్టాడట.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సగం అద్దంలా ఉంది. ఆ సగంలో టిప్పర్లు సైకిలును ఈగను తోలినట్టు తోలుతున్నాయి. మిగతా సగం కంకర. ఒక టిప్పరు చెవి పక్కనే హారను కొట్టి, మొహాన దుమ్ము కొట్టి పోయింది.

"నీ టైర్లు పగల," అన్నాడు హుసేనయ్య, నోట్లో దుమ్ము ఉమ్ముతూ.

దాని వెనకే దస్తగిరి ఆటో వచ్చి నిదానించింది.

"మామా, క్యాను ఇట్టా పడెయ్, నేను దించతా. నువ్వు సాయంత్రానికి వద్దువులే."

"నీ ఐసు పీనుగుల పక్కన నా చేప కూర్చోదురా. పో."

దస్తగిరి నవ్వుకుంటూ పోయాడు.

కంకర దాటాక ఆగి గోనెపట్టా ఎత్తి చూస్తే నీళ్లు రెండు వేళ్ల లోతుకు దిగాయి. చేపల వీపులు ఆరుతున్నాయి. పక్కనే సిమెంటు గుంట నిండుగా మెరుస్తోంది. దాని వంక చూసి ఉమ్మేశాడు. హ్యాండిలుకు వేలాడుతున్న సీసా తీశాడు. "ఎండ ముదిరుండాది, ఒక్క గుక్కన్నా తాగి చావు," అని పొద్దున ఆయన భార్య వెంగమ్మ తగిలించిన సీసా. మూత తిప్పి, నాలుక తడుపుకోకుండా అంతా క్యానులో ఒంపేశాడు.

"తాగండి నాయనా," అన్నాడు. అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ గుడ్లురిమి చూశాడు.

అక్కణ్ణుంచి ఎడమ భుజం లాగడం మొదలైంది. కంకర పనేనని దాన్నీ తిట్టాడు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఉదయగిరి బస్సు వెనక్కి తీయబోయి రోడ్డుకు అడ్డంగా ఇరుక్కుంది. ట్రాక్టర్లు, ఆటోలు, బండ్లు ఒకదాన్నొకటి తిట్టుకున్నట్టు హారన్లు. ఆ మధ్యలో దస్తగిరి. హుసేనయ్య మొట్టమొదటిసారి సైకిలు దిగి నడిచాడు. మురిక్కాలువ గట్టుకూ అంగళ్ల మెట్లకూ మధ్య సైకిలును తోసుకుంటూ ఆటో పక్కకు వచ్చాడు.

"రేయ్. సాయంత్రానికి వద్దువులే."

మెస్సు పెరట్లో చేపలు తొట్టిలో పడ్డాయి. పడీపడగానే తోకలు కొట్టి కామాక్షమ్మ చీర తడిపేశాయి. ఎప్పటిలాగే వెంగమ్మకని ఒకదాన్ని క్యానులోనే ఆపుకున్నాడు. ఇంటి దగ్గరే వదిలి రావచ్చు గదా అంటే, ఆత్మకూరు చూసొచ్చిన చేపకు రుచి ఎక్కువనేవాడు.

"నీ పొగరు చేపలకు గూడా అంటుకునుండాదే," అంది కామాక్షమ్మ చీర పిండుకుంటూ.

"దస్తగిరికేం చెప్తావు?"

"రాబాకని చెప్తాలే."

"కాసిని నీళ్లియ్యమ్మా."

"తూకం కానీ, ఇస్తా."

హుసేనయ్య గోడకు ఆనుకుని, సైకిలు పక్కన చతికిలబడ్డాడు. ఆమె తూకం వేసి, చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఇందా."

ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు, తిట్టబోయే ముందు ముడిపడే నొసలుతో.

"ఏంది, అలిగినావా?" అని భుజం తట్టింది. తట్టిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. చెంబు ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

బస్టాండు దగ్గర బస్సు కదిలినట్టుంది. దస్తగిరి ఆటో హారను కొట్టుకుంటూ సందులోకి వచ్చి, పెరటి గుమ్మం దగ్గర గప్పున ఆగిపోయింది.

క్యారేజీ మీద నీలం క్యానులో ఒంటరి కొర్రమీను, వెంగమ్మ పంపిన నీళ్లలోంచి మూతి పైకెత్తి, గాలి మింగి, మళ్లీ కిందికి పోయింది.