పాపకు గొంతొచ్చింది

ప్రత్యేక తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది. గూడూరు సెంటర్లో వేసిన టెంటు కింద పాటలు జోరుగా సాగుతున్నాయి. ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసే కౌసల్య ముందు వరుసలో కూర్చుని గొంతు కలుపుతోంది. సమ్మెలో ఉన్నా, కాన్పులకూ ఆపదలకూ మాత్రం ఎవరు పిలిచినా వెళుతూనే ఉంది.

పొద్దున పది గంటలప్పుడు తండా నుంచి లచ్చి వచ్చింది. వెనకే ఆమె కూతురు నవ్య మెల్లగా అడుగులు వేస్తోంది. లచ్చి చేతుల్లో నవ్య కన్న మూడు నెలల పాప ఉంది. రెండు రోజులుగా పాలు కక్కుతోందనీ, ఆయాసపడుతోందనీ లచ్చి చెప్పింది. కౌసల్య పాపను చేతుల్లోకి తీసుకుంది. పాప నోరంతా తెరిచి ఏడుస్తోంది గాని, చప్పుడు రావడం లేదు.

"నా పెద్దబిడ్డ కొడుకు గూడ గిట్లనే ఏడ్చిండు సిస్టరమ్మా," అంది లచ్చి. "రెండో దినం పానం పోయింది."

కౌసల్య వెంటనే ఫోన్ చేసింది. అంబులెన్సు వేరే కేసు మీద దూరం వెళ్లిందన్నారు. బస్సులు ఎటూ లేవు. టెంటులో ఉన్న యాకయ్య వాళ్లను మహబూబాబాద్ దవాఖానకు తీసుకెళ్లడానికి తన ఆటో తీశాడు.

మహబూబాబాద్ దగ్గర పడుతుండగా రోడ్డుకు అడ్డంగా రాళ్లు, వాటి వెనక వరుసగా బతుకమ్మలు. నలభై మంది ఆడవాళ్లు రాస్తారోకోలో భాగంగా నడిరోడ్డు మీదే ఆడుతున్నారు. కౌసల్య దిగి సంగతి చెప్పింది. పాట ఆగింది. ఒక ముసలామె ముందుగా వంగి తన బతుకమ్మను ఎత్తుకుంది. మిగతావాళ్లూ ఎత్తుకుని పక్కకు జరిగారు, మగవాళ్లు రాళ్లు దొర్లించారు. ఆటో దాటుతుంటే ఆ ముసలామె పాప మీదికి నాలుగు తంగేడు పూలు విసిరింది.

దారిలో కౌసల్య నవ్యను ఏం తింటున్నావని అడిగింది. కాన్పైన నాటి నుంచి తెల్లటి మిల్లు బియ్యమే. నాలుగుసార్లు కడిగి, గంజి వార్చిన అన్నంలో వెల్లుల్లి కారం. పప్పు లేదు, గుడ్డు లేదు, ఆకుకూర లేదు. మనవడు పోయిన భయంతో లచ్చి ఈసారి పథ్యం ఇంకా గట్టిగా పట్టించింది. ఈమధ్య కాళ్లలో చీమలు పాకుతున్నట్టుందని నవ్య చెప్పింది.

దవాఖానలో పిల్లల డాక్టరు సుభాష్ కూడా తండాలో పుట్టినవాడే. ఎక్స్‌రేలో పాప గుండె ఉబ్బి కనిపించింది. నిమోనియా కూడా ఉందేమోనని ఆయన ఆలోచిస్తుండగా, కౌసల్య నవ్య తిండి సంగతి చెప్పింది. ఆయన నవ్యను కూర్చోబెట్టి మోకాలి కింద చిన్న సుత్తితో తట్టాడు. తట్టగానే ఎగరాల్సిన కాలు కదల్లేదు, నరాలు బలహీనపడ్డాయన్నమాట. వెంటనే పాపకు థయమిన్ ఇంజక్షన్ ఇప్పించాడు.

తరువాత లచ్చి పక్కన కూర్చుని తండా మాటలోనే వివరించాడు. తిన్న అన్నాన్ని బలంగా మార్చేవి ఎంజైములు. అవి ఒంట్లో ఎన్ని ఉన్నా, థయమిన్ అనే విటమిన్ తోడు లేనిదే కొన్నిటికి పని సాగదు. దాన్ని ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బియ్యంలో ఉన్నది చాలావరకు మిల్లులో తవుడుతో పోయింది, మిగిలింది కడుగునీళ్లతో, గంజితో పోయింది. తల్లికి లేనిది పాలలోకి రాలేదు. క్షణం ఆగకుండా కొట్టుకునే పాప గుండె అందుకే అలసిపోయింది, గొంతు నరాలు చచ్చుబడి ఏడుపు బయటికి రాలేదు.

మధ్యాహ్నం దాటేసరికి పాప ఆయాసం తగ్గింది. సాయంత్రానికి పాలు పట్టింది. మర్నాడు పొద్దున బట్టలు మారుస్తుంటే కెవ్వున ఏడ్చింది. వార్డులోని తల్లులంతా తలతిప్పి చూశారు. నవ్య నవ్వుతూ ఏడుస్తూ, పాపను ఊరుకోబెట్టడం కూడా మరిచిపోయింది.

లచ్చి మాత్రం డాక్టరు దగ్గరికి నడిచింది. చనిపోయిన మనవడికీ ఇదే రోగమా అని అడిగింది. చూడకుండా ఖాయంగా చెప్పలేననీ, అయ్యుండొచ్చనీ ఆయన అన్నాడు.

"బలమంత నేనే కడిగి పారబోసిన్నా?" అంది లచ్చి.

"నీకెవ్వరు చెప్పలే అవ్వా," అంది కౌసల్య ఆమె చేయి పట్టుకుని. "చెప్పాల్సింది మేము. ఇన్నిసార్లు మీ ఇంటికొచ్చిన, నవ్య ఏం తింటుందో నేను గూడ ఒక్కపారి అడగలే."

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు వార్డులో ఎవరో నువ్వుల పిండి, పల్లీల పిండి పంచారు. లచ్చి తన చేత్తో నవ్యకు ముద్దలు చేసి పెట్టింది. నవ్య వద్దన్నకొద్దీ ఇంకో ముద్ద చేసింది.

తండాకు తిరిగొచ్చిన మర్నాడే లచ్చి పక్కింటి కిషన్ వాళ్ల గడప తొక్కింది. అతని కోడలికి కాన్పై పన్నెండు రోజులైంది. పొయ్యి దగ్గర కిషన్ భార్య గంజి వార్చబోతుంటే, లచ్చి ఆ గిన్నె అందుకుని పక్కన పెట్టి, పెసరపప్పు ఎక్కడుందని అడిగింది. కాసేపు ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. ఆ మధ్యాహ్నం బాలింత పప్పన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.