మొహం చూపించి చదవండి

చదువుకునే పిల్లలు మీరు, రాసుకోండి. ఇళ్ళు ఖాళీ చేస్తామని మేం ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నామని కాగితంలో ఎలా ఎక్కిందో కళ్ళారా చూసినదాన్ని నేను.

మిల్లు హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి ఆఫీసరు ఏదో చదివాడు. చూపు ఆనదో, మా మొహాలు చూడలేకో, కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మేం నలభై ఏళ్ళు మరమగ్గాల మోతలో బతికినవాళ్ళం. చెవులు ఎప్పుడో పోయాయి. ఆ షెడ్డులో పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పటికీ అంతే. పెదాలు కనపడకపోతే మాకు మాటే లేదు. అయినా వినపడలేదని చెప్పడానికి సిగ్గు. ముందు వరుసవాళ్ళు తలూపారు. వాళ్ళని చూసి మేమూ ఊపాం.

బయటికొచ్చాక, గుమ్మం దగ్గర నిలబడి విన్న మా వీధి దర్జీ తమ్ముడు, మిల్లులో చెయ్యలేదు కాబట్టి చెవులున్నవాడు, నా ఎదురుగా నిలబడి విడమరిచి చెప్పాడు.

"అదేంటక్కా? రోడ్డు వెడల్పు చేస్తాం, ఎనభై ఇళ్ళూ పడగొడతాం, ఇష్టం లేనివాళ్ళు లేవండి అన్నాడు. ఒక్కరూ లేవలేదేం?"

మేం తలూపడాన్నే ఒప్పుకోలుగా రాసుకున్నారన్నమాట.

ఈ పెద్దవీధికి రాళ్ళు పరిచింది మా తాతలు. మొదటి సమ్మెలో మా నాన్న లాఠీ దెబ్బలు తిన్నదిక్కడే. యుద్ధం రోజుల్లో మూడు షిఫ్టులూ నడిచి వీధికి నిద్రే ఉండేది కాదు. తర్వాత జీతాలు పెంచమని మేం బైఠాయించిందీ ఇక్కడే. పదేళ్ళ కిందట గేటుకి తాళం పడింది, దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలినవి మా ఇళ్ళే. నిజం చెప్పొద్దూ, అలిసిపోయాం. ఇంకో పోరాటమంటే ఒళ్ళు సహకరించడం లేదు.

ఆ సాయంత్రం అందరం కండెల అత్త గదిలో చేరాం. మిల్లులో నూలు కండెలు చుట్టేది కాబట్టి ఆవిడకా పేరు. పెదాలు కనపడేలా గుండ్రంగా కూర్చుని తిట్టుకున్నాం.

"నువ్వు ఊపావనే నేనూ ఊపాను!" అన్నాను మా బావతో.

"నీ బుర్ర ఏమైందే? నన్నంటావేం?"

"ఆపండర్రా!" అంది అత్త. "చెవుడని చెప్పుకోడానికి మనకెందుకు సిగ్గు? మన చెవులు తిన్నది మిల్లు. సిగ్గుపడితే వాళ్ళు పడాలి."

వారానికల్లా లారీలు, గునపాలతో కూలీలు, పోలీసులు దిగారు. ఉత్తర్వు జనం ముందు ఆగకుండా చివరిదాకా చదివితే తప్ప గోడ ముట్టుకోకూడదట, దర్జీ తమ్ముడు కనుక్కొచ్చాడు. మేం వీధికి అడ్డంగా కూర్చున్నాం. ఆఫీసరు కాగితం ఎత్తాడు.

అత్త మోకాళ్ళు పట్టుకుని లేచి, వెళ్ళి, ఒక్క వేలితో ఆ కాగితాన్ని కిందికి దించింది.

"మొహం చూపించి చదువు నాయనా. మాకు వినపడదు."

"ప్రభుత్వ పనికి అడ్డొస్తావా, ముసలీ?"

ఆ మాట మాత్రం అందరికీ స్పష్టంగా కనపడింది. అత్తని వ్యాన్ ఎక్కించారు. ఆఫీసరు మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. మా బావ లేచాడు. "మాకు వినపడదు." ఆయన్నీ ఎక్కించారు. ఆయన తర్వాత ఇంకొకరు లేచారు.

మధ్యాహ్నానికి రెండు వ్యాన్లు నిండాయి, ఉత్తర్వు రెండో పేరా దాటలేదు. కూలీలు గునపాలు పక్కన పడేసి లారీ నీడన చేరారు. ఒకడు నాకు నీళ్ళిచ్చి, "మా అమ్మవీ ఇలాంటి చెవులేనమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పొద్దు వాలాక లారీలు ఖాళీగా వెళ్ళిపోయాయి.

రేపు మళ్ళీ వస్తారు. గెలుస్తామని మాటివ్వలేను. వరుసలో మిగిలింది నేనూ, ఇంకో పదకొండుమందీ. మీరు కూడా రండి, మా వెనక కూర్చోండి. మీకు చెవులు బాగానే పనిచేస్తాయి, తెలుసు. అయినా మీ వంతు వచ్చినప్పుడు లేచి, వినపడలేదనే చెప్పండి.