కన్నులు దెఱవని పటము

ఆషాఢమాసమది. నీలమేఘమాలాపరివేష్టితమై పగటికిని సంధ్యకును భేదము దెలియనీయని యాకాశము క్రింద మానేటి నీరు ఎఱ్ఱమట్టి గలసి కుంకుమపాత్ర దొర్లినట్లు ఒడ్డుల నొరసికొనుచు పాఱుచుండెను. తడిసిన నల్లరేగళ్లలో నాగళ్లు సాగుచుండెను. మోదుగుతోపులనుండి నెమళ్ల కేకలు ఎడతెగక వినవచ్చుచుండెను. బాటలన్నియు బురదలై బండ్ల యిరుసులు దిగబడి తిరుగువారెల్లరు నెక్కడివారక్కడ నిలిచిపోవు కాలమది. సర్వసంగపరిత్యాగులైన సన్న్యాసులు సైతము చాతుర్మాస్యమని యొక్కచోట నిలుతురు. గృహస్థులు వారికి భిక్ష యొసగి ధన్యులమైతిమని తలంతురు. కాని యూరూర కథలు చెప్పి బ్రదుకువారికిని పటములు వ్రాసి బ్రదుకువారికిని ఆ నాలుగు నెలలును పస్తులే గదా. వారిని నిలుపువారెవ్వరు?

ఈ ప్రశ్న వేములగట్టు గడికి దొరసానియైన అనసూయాబాయి మనస్సున చాలకాలముగా మెదలుచుండెను. ఆమె భర్త గతించి కొన్ని యేండ్లయ్యెను. సంతానము లేదు. గడి పెత్తనమంతయు నామెదే. ఏకాదశి దప్పక యుపవసించునది, బాల్యమున నేర్చిన నాలుగక్షరములతో పురాణమును కూడబలుకుకొని చదువుకొనునది, చదివిన ప్రతి ధర్మమును తన యింటి గడపకు తెచ్చి యిది మనయందున్నదా యని సరిచూచుకొను స్వభావము గలది. పుట్టినింట నున్న దినములలో ఒక జాతరయందు కథ చెప్పువారి పటము జడివానలో చిక్కి దేవతల మొగములపై రంగులు కన్నీరువలె కాఱిపోవుటను జూచి యామె యెక్కియెక్కి యేడ్చెను. ఆ దుఃఖము పెద్దయైనను చల్లాఱలేదు. కావుననే పట్నమునుండి అద్దముల బీరువాలు తెప్పించి గడిలోని తూర్పుహజారమును చిత్రశాలగా తీర్పించినది. పిమ్మట చుట్టుపట్ల పరగణాలకు వర్తమాన మంపినది.

ఏటేట నిద్దఱు కళావిదులు, కుంచె పట్టువాడొకడును గొంతెత్తువాడొకడును, తొలియేకాదశి మొదలు కార్తికమున హరి మేల్కాంచు నేకాదశి వఱకు గడియందు వసింపవచ్చును. వారికి భోజనవస్త్రములు గడివే. ఇంటికడ నున్న యాలుబిడ్డలకు నెలనెలకు ధాన్యము చేరును. ఇది చేయుము అది చేయుమని యాజ్ఞాపించువారుండరు. నియమ మొక్కటియే. ఆ నాలుగు నెలలలో చేతినుండి వెలువడిన వస్తువు గడి చిత్రశాలకు చెందవలెను.

గుమాస్తా శేషగిరిరావు ఈ వర్తమానమును చక్కని దస్తూరితో వ్రాసెనేగాని మనస్సొప్పి వ్రాయలేదు. ఊరక తిండి పెట్టినచో ఊరక పండుకొందురనియు, ఇరుగుపొరుగు దొరలు నవ్వుదురనియు ఆయన రెండుమూడుమాఱులు విన్నవించెను. అనసూయాబాయి విని తులసికోటకు ప్రదక్షిణము చేయబోయెను. అది యామెకు కాదనుటలో నొక పద్ధతి.

ఆ యేడు వచ్చినవారిలో చిత్రకారుడు రాజలింగము. తరతరములుగా పటములు వ్రాయు నకాషీ యింటివాడు, నడివయస్సు దాటినవాడు, తలపాగా క్రింద మితముగా మాటలాడు మనిషి. వచ్చిన దినముననే దొరసాని యెదుట చేతులు గట్టుకొని నిలిచి యడిగెను.

“ఏం బొమ్మ గావాలె దొరసానీ?”

“నీ యిష్టం రాజలింగం.”

“నా యిష్టమంటే, ఎవ్వలు చెప్పే కతకు?”

“ఎవ్వల కతకూ గాదు. నీ మనసుకు తోచింది రాయి.”

అతడు దండము పెట్టి వెడలెను గాని, కాడి విప్పినను చాలు విడువక నిలిచిన యెద్దువలె నుండెను. తాతతండ్రులనాటినుండి వారియింట నెవ్వడును తనకు దోచినది వ్రాసినవాడు కాడు. కథ చెప్పువారు వచ్చి ప్రక్కన గూర్చుండి తమ కులపురాణమును మొదటినుండి తుదివఱకు వినిపింతురు. నకాషీవాడు విని యెఱ్ఱని నేలమీద అంకణమునకొక ఘట్టముగా మూరలకొలది బట్టపై దింపును. ఇప్పుడు బట్ట యున్నది, రంగున్నది, కడుపునిండ నన్నమున్నది. చెప్పువాడు లేడు.

శ్రావణము సగము గడచినను రాజలింగము బట్టకు గంజియు సుద్దయు చింతగింజల యంబలియు పట్టించుటయందే యుండెను. ఆరవేయుట, గవ్వతో రుద్దుట, మరల పట్టించుట. వంటశాలలోని కొమురవ్వ గంజిముంత అందించుచు, గంజి పెట్టుటకు గడిదాక రావలెనా, చాకిరేవుకు పోయిన సరిపోవుగదా యని మెత్తగా పొడిచెను. గుమాస్తాగారు వసారా వెంబడి పోవునప్పుడెల్ల తెల్లని బట్టను జూచి దగ్గెడివారు. దొరసాని పూజకు గూర్చున్నప్పుడు, నేనిచ్చినది స్వేచ్ఛయా లేక దారి దెలియని యడవియా యని యామె తన్ను తాను ప్రశ్నించుకొనుచుండెను.

రెండవవాడు ఓదేలు. ముప్పదియేండ్లవాడు, పొడవైనవాడు, నవ్వు మొగముననే కాపురమున్నవాడు. నేతవారియిండ్ల ముందు పటము వ్రేలాడదీసి వారి కులకథ చెప్పు వంశమువాడు. తాతనాటి పటము జీర్ణింపగా, మనుష్యునకు జేసినట్లే కర్మము చేసి గోదావరిలో నిమజ్జనము చేసిరి. క్రొత్తది వ్రాయించు స్తోమత లేక అప్పటినుండి పటము లేని పటకథకుడై వట్టి చేతులనే చూపి కథ చెప్పుచున్నాడు. అతడొకనాడు రాజలింగము ప్రక్కన చతికిలబడెను.

“ఏం మామా, గోడనే సూత్తున్నవు. ముగ్గేస్తవా ఏంది?”

“నీ నోరు ఆగితే నా చెయ్యి కదులుతది అల్లుడా.”

“నా నోరు ఆగినందుకే నీ చెయ్యాగింది. సూస్కో.”

అని యోదేలు వాన చప్పుడుతో పోటీగా గొంతెత్తెను. బట్టలెఱుగని తొలికాలమున వెన్నెలను దారముగా వడికి దేవతల సిగ్గు గాచిన నేతగాని కథ అది. చలికి వణకు దేవతల నొక్కొక్కరిని వర్ణించుచు, పడుగు లెక్క దప్పినప్పుడు కులమూలపురుషుడైన యా నేతగానిని తిట్టిన యాలిని అనుకరించుచు, అతడు సాయంకాలము వఱకు చెప్పెను. గడిలో పనిచేయువారు చేటలు చీపుళ్లు పట్టుకొనియే చుట్టు మూగిరి. ఆలి తిట్టు వచ్చినప్పుడు కొమురవ్వ కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వాపుకొనలేకపోయెను. అది ముగియకముందే రాజలింగము ఉడుతవెండ్రుకల కుంచె చేతబట్టియుండెను.

భాద్రపదము, ఆశ్వయుజము కుంచె నిలువలేదు. దాసానిపువ్వువంటి యెఱుపు బట్టనిండ పరచుకొనెను. దానిపై పసుపుమేనుల దేవతలు, నీలిమేనుల దేవతలు, మగ్గపు గుంటలో కాళ్లు దించుకొని కూర్చున్న మూలపురుషుడు, దారపుకండె చేత బట్టి కోపించిన యాలు, ఆమె వెనుక నక్కిన పిల్లి. ప్రతి మధ్యాహ్నము పూజానంతరము దొరసాని వచ్చి పీటపై గూర్చుండి చూచెడిది. పిల్లి కథలో నున్నదా యని యామె యొకనాడు అడుగగా, మా యింట్ల ఉంది దొరసానీ అని రాజలింగము తలవంచుకొని నవ్వెను. తనకు దోచినది వ్రాయుట యాతడా పిల్లితో నేర్చెను.

కార్తికము వచ్చెను. ఏకాదశినాడు చిత్రశాల తెఱచుటకు చుట్టుపట్ల దొరలకు కబురు పోయెను. పటము పూర్తియైనది. ఒక్కటి తప్ప. ఏ మొగమునందును కన్నులు లేవు. నొసలు ముక్కుల నడుమ తెల్లని సుద్ద నేల యట్లేయుండెను. చివరికి వేయునుగాబోలునని దొరసాని యెదురుచూచి చూచి ఏకాదశికి ముందటి నవమినాడు అడిగెను.

రాజలింగము కుంచె కడిగి ప్రక్కన బెట్టి లేచి నిలిచెను.

“కండ్లు పెట్టుడంటే బొమ్మ ముగిచ్చుడు గాదు దొరసానీ, పానం పోసుడు. కత చెప్పెటోడు ముందట నిలవడాలె. కొబ్బరికాయ గొట్టాలె. తెరిచిన పొద్దే పదిమంది ముందట కత మొదలుగావాలె. తెరిచినంక బీరువల పెట్టి తాళమేస్తే అవి ఏం సూడాలె?”

“నియమం ముందుగాల్నే చెప్పిన గద రాజలింగం?”

“చెప్పిన్రు. తప్పు నాదే. గడిల ఉంటదంటే గడిల కత చెప్పిస్తరనుకున్న. అద్దాలు నేను సూడలే.”

గుమాస్తాగారు నియమము వ్రాసిన కాగితముపై రాజలింగము వ్రేలిముద్ర యున్నదని జ్ఞాపకము చేసెను. గ్రుడ్డిబొమ్మల పటమునకా యీ వైభవమంతయు నని దొరలు నవ్విన గడి పరువేమి కావలెనని యడిగెను. ఆయన యడిగినది యన్యాయము కాదు. రాజలింగము ఆయన వైపు చూడలేదు. దొరసాని పాదముల వైపు చూచుచు పలికెను.

“మీ ఉప్పు దిన్న. పెట్టుమంటే పెడుత. చెయ్యి పెడుతది. పాపమా పున్నెమా అని మాత్రం నన్నడుగకుండ్రి.”

ఎదిరించియుండినచో నామె కోపింపగలిగియుండును. అతడు భారమంతయు దెచ్చి యామె యొడిలో బెట్టి తాను తేలికగా నిలిచెను.

ఆ సాయంకాలము ఆమె ఓదేలును పిలిపించి బాల్యమున తాను జూచిన పటమును, వానను, కాఱిన రంగులను చెప్పెను. ఇది నీ చేతికిచ్చిన దీనికిని ఆ గతి పట్టదా యని యడిగెను. ఓదేలు నవ్వలేదు.

“తడుస్తయి దొరసానీ. చిరుగుతయి గూడ. అబద్ధమెందుకు. మా తాత పటంల మాత్రం ముందుగాల దేవుని కాళ్లు పోయినయి. ఊరూర్ల ముసలమ్మలు వచ్చి కాళ్లు తుడిచి కండ్లకద్దుకునేది. అద్దుకోని అద్దుకోని, కాళ్లే లేవు. మా తాత మల్ల రాయియ్యలే. పోయిన కాళ్లకాడ్నే మొక్కుమనేటోడు.”

దశమినాటి యుదయమున అనసూయాబాయి తులసి యెదుట దీపము వెలిగించి గూర్చుండెను. ఎదుట గడి సింహద్వారము మూసియుండెను. కోడలై వచ్చిన దినమునుండి యా ద్వారమును చూచుచున్నది. ధాన్యపు బండ్లు లోనికి వచ్చెడివి, వట్టివై పోయెడివి. మేకలు, నేతిముంతలు, నేతగాండ్ర చీరలు, తుదకు మనుష్యుల చేతిపని సైతము లోనికి వచ్చినదేగాని మరల బయటకు బోయినట్లు జ్ఞప్తికి రాలేదు. లోనికి వచ్చినది లోనిదే. ఆ వాడుకయే తన చేతను నియమమై వ్రాయించెనా? పొలము కౌలునకిచ్చినవాడు పంటలో పాలడుగును. అది ధర్మమే. కాని తాను సంకల్పము చెప్పి నీళ్లు విడిచి చేసినది దానమనిగదా! దానమిచ్చిన చేయి పంటకాలమున మరల చాపబడునా? అయినను కన్నులయెదుట నశింపబోవు సౌందర్యమును కాపాడగోరుట పాపమెట్లగును? ఈ కడపటి ప్రశ్నకు ఆమెకు బదులు దొరకలేదు. దొరకకయే లేచెను. అన్నిటికిని బదులు దొరకిన పిమ్మటనే ధర్మము చేయవలెనన్న మనుష్యుడెన్నడును చేయజాలడని యామెకు దోచెను.

ఏకాదశినాడు సింహద్వారపు రెండు తలుపులును దెఱచియుండెను. ఊరి నేతవాడకు సుంకరివాడు పోయి, వెట్టికిగాదు, కథకు రమ్మనిరని చాటెను. వారు నమ్మలేదు. రెండవమాఱు చాటగా, వెట్టి యని చెప్పిననైనను పోకతప్పదుగదా యనుకొని వచ్చిరి. మగవారు తలగుడ్డలు చంకబెట్టుకొని, ఆడువారు బిడ్డల నెత్తుకొని, వాకిట గోడవెంబడి నిలిచిరి. వసారాపై కుర్చీలలో దొరలు గూర్చుండిరి. నడుమ రెండు గుంజలకు పటము కట్టబడి కన్నులు లేని మొగములతో వ్రేలాడుచుండెను.

దొరసాని మెట్లమీదికి వచ్చి, పటము ఓదేలుకు దానము చేయుచున్నాననియు, ఈ యేటినుండి యా నియమము లేదనియు రెండు మాటలలో చెప్పెను. దొరలలో నొకరు మీసము దువ్వుకొనిరి. గుమాస్తాగారు మెల్లగా దగ్గఱకు వచ్చెను.

“మరి బీరువాలమ్మా?”

“పట్టుబట్టలు పెట్టుకుందాం రావుగారూ. చిమ్మటలు పడుతున్నయి.”

ఓదేలు స్నానము చేసి తడిబట్టతో పటము నెదుట నిలిచెను. కొబ్బరికాయ పగిలెను. రాజలింగము నల్లని కాటుకరంగులో కుంచె ముంచి మూలపురుషుని మొగమునకు చేయెత్తెను. ఒక కన్ను, రెండవ కన్ను. అంతవఱకు బట్టయైయున్నది చూచినట్లయ్యెను. గోడవెంబడి నొక బిడ్డ యేడ్చెను. ఒక్కొక్క దేవతకును, కోపించిన యాలికిని, చివర పిల్లికిని చూపు వచ్చినది. అప్పుడు ఓదేలు గొంతెత్తెను.

గోడవెంబడి నిలిచినవారు మెల్లమెల్లగా ముందుకు జరిగిరి. ఆలి తిట్టు వచ్చుసరికి నేలపై గూర్చుండిరి. నవ్వుచు మోకాళ్లు చఱచుకొనిరి. గడి వాకిట వారు గూర్చుండుట యదియే మొదలు. వసారా మెట్టుపై నిలిచిన దొరసానికి పటము వెనుకభాగమే, కుట్టు వేసిన ముతకబట్టయే, కనబడుచుండెను. దొరల కుర్చీలన్నియు నా వెనుకవైపుననే యుండెను. ఆమె మెట్లు దిగెను. ఎక్కడ నిలువవలెనో తోచక జనము నంచున ఆగెను. నిలిచిన వెనుకవారికి అడ్డము, కూర్చుండుటకు చోటు లేదు. అంచున నున్న నేతముదుసలి యొకతె కథనుండి చూపు మరల్పకయే మోకాలు ప్రక్కకు దీసికొని నేల చూపెను.

“ఇట్ల కూసోండి దొరసానీ. ఆడికెల్లి కనవడది.”

అనసూయాబాయి చెంగు సవరించుకొని మట్టిపై గూర్చుండెను. ఎదుట పటములోని కన్నులు విప్పారి చూచుచుండెను. అవి దొరసాని యని యామెను వేఱుగా జూడలేదు. ముదుసలి చూపును ఆమె చూపును ఒక్కటిగనే కైకొనెను. ఇచ్చినవాడు తాను మొగసాలనుండి దిగి కూర్చుండుటకు నేలపై జానెడు చోటు దొరకించుకొనువఱకు దానము పూర్తికాదేమో. ఓదేలు గొంతులో దేవతలు తొలివస్త్రము గట్టుకొనుచుండిరి.